కోడి కింద మిడత గుడ్లు

మా టీ కొట్లో ఫ్రిజ్ తెరిస్తే, కింది అరలో కూల్‌డ్రింకుల వెనకాల ఒక స్టీలు డబ్బా కనిపిస్తుంది. మూత మీద తెల్ల ప్లాస్టరు, దాని మీద నీలం సిరాతో ‘తినరాదు’ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇప్పుడందులో పచ్చిమిరపకాయలుంటాయి. తినడానికే. అయినా ఆ ప్లాస్టరు పీకడానికి నాకు చేతులు రావు. పీకితే మా అత్త ఊరుకోదు కూడా.

మొన్న మా కొండల మీద పసుపచ్చటి వలిసె పూలు చూడ్డానికి జనం ఎగబడే రోజుల్లో ఒకాయన కారు దిగి, మంచినీళ్ల సీసా కోసం తనే ఫ్రిజ్ తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. చల్లదనమంతా బయటికి పోతోంది, తలుపు వెయ్యండి బాబూ అని నేను అరవబోతుంటే, ఆయనే ఇటు తిరిగాడు.

“ఈ రాత మా మేడమ్‌ది కదండీ?” అన్నాడు.

“ఏ మేడమ్?”

“మిడతల మీద పనిచేసేవారు. నేను వాళ్ల ఆఫీసేనండీ. మేడమ్ పోయారు కదా, ఈ వానాకాలంలో. నిద్రలోనే పోయారు. మీకు తెలీదా?”

ఉన్నమాట చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. ఫక్కున నవ్వొచ్చింది. పోయారు అనగానే నా కళ్ల ముందుకొచ్చింది ఏమిటంటే, ఆమె కోతిటోపీ పెట్టుకుని, చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి, మా కోళ్ల గంప ముందు బోర్లా పడుకుని “నా పిల్లల్ని తినేస్తోందండీ!” అని కేకలు పెట్టడం. ఆ నవ్వు నవ్వుతూనే ఏడ్చాను. పాపం ఆయన నీళ్ల సీసా పట్టుకుని, ఈవిడకేమైనా పిచ్చా అన్నట్టు చూశాడు.

ఆమె పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్లో ఎవరికీ తెలీదు. మాకు ఆమె మిడతల మేడమ్. సంతలో కూరలమ్మే ముసలమ్మ దగ్గర్నుంచి సర్వీస్ ఆటోవాడి దాకా అందరికీ అదే పేరు. ఫోన్లో కూడా “నేనండీ, మిడతల మేడమ్‌ని” అనేవారు తప్ప అసలు పేరు ఎప్పుడూ చెప్పేవారు కాదు.

గోదావరి మనిషి. మాట మాటకీ అండీ, కాదన్నా ఆయ్, ఔనన్నా ఆయ్. మా కొట్టు వెనక గది అద్దెకి తీసుకుని దసరాలకి దిగారు. యాభై దాటిన మనిషి, నెరిసిన ముడి, పొట్టిగా గుండ్రంగా ఉండేవారు. చలి మీద చదువు చదువుకున్నారు గానీ, ఆమెంత చలిపిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. రెండు జతల మేజోళ్లు, కాన్వాసు బూట్లు, చీర మీద మగాళ్ల స్వెట్టరు, దాని మీద శాలువా, పైన కోతిటోపీ. స్వెట్టరు జేబుల్లో థర్మామీటర్లు గలగలమనేవి. మా అత్త మొదటి రోజు చూసి, “ఓలమ్మ, ఈ గుంటకి జొరమేటే?” అంది. యాభై ఏళ్ల ఆఫీసరమ్మ మా అత్త నోట గుంట, అంటే చిన్నపిల్ల, అయిపోయింది, చివరిదాకా గుంటే.

పొద్దున్న లేచి కొట్లోకొస్తే మనం బాగున్నారా అంటాం, టిఫినయిందా అంటాం. ఆమె అడిగేది ఒకటే. “నిన్న మీకు చలేసిందా?” వేసింది మేడమ్, చచ్చిపోయాం అంటే మొహం ఇంతయ్యేది. “ఆయ్! బాగా వేసిందా? చాలా సంతోషమండీ.” మేం వణుకుతుంటే సంతోషమేంటో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. డ్రైవర్లయితే ఆమె వినాలని కావాలనే పళ్లు టకటకలాడించేవారు.

ఇంకో సంగతి, టీ. నేనిచ్చే టీ ఆమె ఒక్కనాడైనా వేడిగా తాగి ఎరగరు. గ్లాసు చేతిలోకి తీసుకోవడం, ఒక మాట మొదలెట్టడం, ఇక ఆ మాట గట్టుకీ పుట్టకీ పోయి తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టేది. అప్పుడు గటగటా ఒక్క గుక్కలో తాగేసేవారు. వేడి చేసిస్తానంటే ఒద్దనేవారు. “ఉండనివ్వమ్మాయ్, చల్లారితేనే నాకు బాగుంటుంది.” మా అత్తకి అదొక పెద్ద తప్పులా కనిపించేది. “సల్లారిపోయిన టీ తాగితే ఒంట్లో ఏటుంటాది? అందుకే అంత సలి దానికి,” అని నాతో గొణిగేది.

ఆమె మా ఊరొచ్చింది మిడతల కోసమైతే, మా అత్త బెంగ కూడా మిడతలే. ఆ బెంగ సంగతి చెప్పకపోతే మీకు మిగతాది అందదు.

మా పొయ్యి పైన, పొగ తగిలే చోట, ఒక సొరబుర్ర వేలాడుతుంది. అందులో బూడిద కలిపిన చోడి విత్తనం, రాగులన్నమాట. ఎర్రచోడి, నిలువెత్తు పెరుగుతుంది, దాని అంబలి పొద్దున్న తాగితే మధ్యాహ్నందాకా ఆకలి మాటుండదు. మా అత్తకి వాళ్లత్త ఇచ్చింది ఆ విత్తనం. చుట్టుపక్కల అందరూ క్యాబేజీకి పోయి, కాఫీకి పోయి, సంచి విత్తనాలకి పోయి, ఆ చోడి ఇప్పుడు ఇంకో ఇంట్లో లేదు. మా ఇంట్లో మూడు బుర్రలుండేవి. మేడమ్ రాకముందు వరసగా రెండేళ్లు, నారు వేలెత్తు లేచీ లేవగానే గట్ల మీంచి పిల్లమిడతలు దిగి నున్నగా గొరిగేశాయి. రెండు బుర్రలు అలా మట్టిలో పోయాయి. మిగిలింది ఇదొక్కటి.

మా దగ్గర కొత్త పంట వస్తే ముందు మేం తినం. వండి, ఆకుల్లో వేసి, పోయిన పెద్దలందర్నీ ఒక్కొక్కర్నీ పిలిచి పెడతాం. వాళ్లు తిన్నాకే మన నోట్లోకి. దాన్నే కొత్త పండగ అంటాం. ఆ బుర్ర వంక చూసినప్పుడల్లా మా అత్త ఒకటే అనేది. “ఇది కూడా పోతే, నా అత్తని పిలిసి ఏటి పెడతానే? కోటా బియ్యం పెడతానా? నా మొకాన ఉమ్మేత్తాది.”

మేడమ్ ఈ మాట విన్నప్పుడు, టీ గ్లాసు పట్టుకుని అలాగే మా అత్త ముందు గొంతుక్కూచున్నారు.

“పిన్నిగారూ, మిడత గుడ్డు ఎప్పుడు పెడుతుందో చూశారా? ఇదిగో ఇప్పుడే, వానలు వెనకబట్టాక, గట్టు మట్టిలో. మరి పిల్ల ఎప్పుడొస్తుంది? వేసవి వానలకి. మధ్యలో ఇన్ని నెలలు ఏం చేస్తుందండీ? పడుకుంటుంది. పుష్యమాసంలో ఓ నాలుగు రోజులు ఎండ కాసిందనుకోండి. అబ్బ వెచ్చగా ఉందని ఆ పిచ్చి గుడ్డు అప్పుడే పగిలిందనుకోండి. తినడానికేముంది? ఎండుగడ్డి. పిల్ల ఛస్తుంది. అందుకని దానికో తాళం ఉందండీ. ఎంత వెచ్చబెట్టినా లేవదు. ముందు చలి తినాలి. చలికాలమంతా కడుపు నిండా చలి తింటే అప్పుడు తాళం ఊడుతుంది. ఆ పైన నేల వెచ్చబడి, నాలుగు చినుకులు పడ్డాయా, అన్నీ ఒక్కసారే బిలబిలా వచ్చేస్తాయి. అవి ఏ వారంలో వస్తాయో నేను ముందే చెప్పగలిగాననుకోండి, మీ విత్తనం ఆ వారం దాటాక చల్లుకోవచ్చు.”

మా అత్త అంతా విని నోటిమీద వేలేసుకుంది. “గుడ్డు సలి తింటే సచ్చిపోద్దే, లెగుస్తాదేటి? కోడిగుడ్డు ఒక్క దినం సలిలో ఒగ్గీ సూడు, మురిగిపోద్ది. నీకు సదువు సెప్పినోడెవడు?”

“కోడి వేరండీ, మిడత వేరండీ.”

“గుడ్డు గుడ్డే.”

ఈ తగువు ఆ చలికాలమంతా నడిచింది. నేను టీ కాస్తూ వినేదాన్ని. నాకు అంతకన్నా కాలక్షేపం ఏముంది?

చలి ముదరకముందే మేడమ్ గట్లన్నీ గునపంతో తవ్వి గుడ్లు తెచ్చారు. మట్టిలో నురగ గట్టిపడినట్టు చిన్న గొట్టం, పగలగొడితే లోపల పసుపు కలిపిన మెతుకుల్లా గుడ్లు. సగం ఒక డబ్బాలో పెట్టి, ‘తినరాదు’ అని రాసి, నన్ను బతిమాలి మా ఫ్రిజ్‌లో పెట్టించారు. మిగతా సగం తన గదిలో, బల్బు వెలిగే చెక్కపెట్టెలో, చలన్నది తెలీకుండా వెచ్చగా పెట్టారు. చలి తిన్నవి లేచి, తిననివి లేవకపోతే తన మాట నిజమన్నట్టు. రెండు చలికాలాలు వేరే కొండల మీద చేసి చెడిపోయిందట ఈ పని. ఒకసారి చీమలు పట్టాయి, ఒకసారి ఎవరో పారబోశారు. అందుకే ఆ ప్లాస్టరు, ఆ పెద్దక్షరాలు. ఇక్కడేమో ఒక టూరిస్టు పిల్ల డబ్బా తెరిచి, “ఆంటీ, పులిహోర ఒక ప్లేటు,” అంది. మేడమ్ ఆ పిల్ల చేతిలోంచి డబ్బా లాక్కున్న వేగం చూడాలి మీరు.

మా అత్త మాత్రం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా డబ్బా వంక జాలిగా చూసేది. “మంచులో మనుసులే వణికిపోతన్నారు, దాన్నట్టుకెల్లి అందులో ఎట్టీసినాది. పాపం తగల్దేటి?” తన నారు తినేసిన మిడతల గుడ్లే అవి. అయినా గుడ్డు గుడ్డే కదా మరి.

చైత్రంలో ఇటుకల పండగొచ్చింది. విత్తనాలు గుడి దగ్గరకి తీసుకెళ్లి, ముహూర్తాలు చెప్పే దిసారి చేత పూజ చేయించి తెచ్చుకునే పండగ. మగాళ్లు వేటకి పోతే, ఆడాళ్లం రోడ్డుకడ్డంగా వెదురు వేసి, వచ్చేపోయే బండినల్లా ఆపుతాం. ఏదైనా ఇవ్వాలి, లేదా ఆడాలి, పాడాలి. అప్పుడే వెదురు లేస్తుంది. మేడమ్ జీపు కూడా ఆపాం. పాటే కావాలన్నాం. ఆమె దిగి, కోతిటోపీ సర్దుకుని, కళ్లు మూసుకుని, గొంతు ఎక్కడా కలవకుండా ఒక జోలపాట పాడారు. మా అత్త కడుపు పట్టుకుని నవ్వింది. “ఓలే గుంటా, లేపాల్సినదానికి జోల పాడతన్నావేటే!”

ఆ పండగవగానే ఆమెకి కింద పట్నంలో ఏదో ట్రైనింగ్ పడింది. వెళ్లే ముందు ఫ్రిజ్‌లో డబ్బా బయటికి తీసి, గుడ్లని చిన్న రేకుడబ్బాలోకి మార్చి, గుడ్డ మూత కట్టారు. బల్బు పెట్టెలో ఉన్నవి ఇంకో రేకుడబ్బాలో. రెంటినీ బల్బు కింద పక్కపక్కన పెట్టి నాకు అప్పగించారు. “అమ్మాయ్, రోజూ కాస్త తడి చల్లాలి. వెచ్చదనం పోకూడదు. నా మూడేళ్ల పని నీ చేతిలో ఉంది.” ఈసారి కూడా చెడితే ఈ పని ఆపేసి వేరే పురుగుల మీదకి పొమ్మంటారట. ఆ మాట చెప్తున్నప్పుడు మాత్రం ఆమె నోట ఆయ్ అన్న మాట రాలేదు.

నేను చెప్పినట్టే చేశాను. కానీ మూడోనాటికి ఈదురుగాలి లేచి, మలుపు దగ్గర కరెంటు స్తంభం పడిపోయింది. మా కొండల్లో స్తంభం పడితే లేవడానికి దానికెంత తీరికో మీకు తెలుసు. బల్బు ఆరింది. గది చల్లబడింది. నేను రెండు డబ్బాలూ ఒళ్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలీక కూర్చుంటే, మా అత్త వచ్చి నిలబడింది.

“ఏటే, అలగ కూసున్నావు?”

“ఇవి వెచ్చగా ఉండాలత్తా. బల్బు లేదు. పొయ్యి దగ్గర పెడితే మాడిపోతాయి.”

“గుడ్లు వెచ్చగుండాలంటే బల్బెందుకే?” అంది మా అత్త, నేనేదో వంట రానిదాన్నయినట్టు. “గుడ్లని ఏటి సేత్తారు లోకంలో? కోడి కింద ఎడతారు.”

అప్పుడే మా నల్లపెట్ట పొదుగుడు పట్టి గంపలో కూర్చునుంది. మా అత్త దాని కింద చెయ్యి పెట్టి, కోడిగుడ్లు ఒక పక్కకి జరిపి, రెండు రేకుడబ్బాలూ లోపలికి తోసేసింది. పెట్ట ఒకసారి కుర్రుమని, రెక్కలు విప్పి, డబ్బాల్ని కూడా కప్పేసుకుంది. ఇక రోజూ పొద్దున్నే దాని కింద చెయ్యి పెట్టి తడి చల్లడం మా అత్త పని. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

రెండు వారాలకి పైగా గడిచాక మేడమ్ దిగారు. గదిలోకి పోయి, ఖాళీ పెట్టె చూసి, బయటికొచ్చారు. మొహంలో నెత్తురు లేదు.

“అమ్మాయ్, నా డబ్బాలేవి?”

మా అత్త గర్వంగా గంప చూపించింది. “నా పెట్ట కింద ఎట్టినాను. బల్బు కన్నా మేలు.”

“కోడి కిందా? పిన్నిగారూ, కోడి కిందా?” మేడమ్ అక్కడే మట్టిలో కూలబడ్డారు. తర్వాత పాక్కుంటూ గంప దగ్గరకి పోయి బోర్లా పడుకుని లోపలికి చూశారు. మొదటి డబ్బా లాగారు. కిమ్మనదు. గుడ్డ విప్పితే గుడ్లు గుడ్లలాగే, పసుపు మెతుకుల్లా పడున్నాయి. ఆ డబ్బా మీద ఆమె రాసుకున్న గుర్తు చూసి, “ఇది బల్బుది,” అన్నారు మెల్లగా. ఆమె రెండో డబ్బా మీద చెయ్యి వెయ్యగానే దాని గుడ్డ మూత టిక్కు టిక్కుమని లోపల్నుంచి ఎగిరింది.

“లేచాయండీ! చలి తిన్నవి లేచాయండీ! చలి తిననివి కోడి పొదిగినా లేవలేదండీ!” ఊరంతా వినబడింది ఆ కేక. ఆ సంబరంలో మూత ఊడింది. గోధుమ నూకంత పిల్లమిడతలు గంపంతా చిమ్మాయి. మా నల్లపెట్ట అంతకాలం పొదిగిన తల్లి ప్రేమ ఏమైందో గానీ, మెడ చాచి టకటకా మొదలెట్టింది.

“తినేస్తోందండీ! నా పిల్లల్ని తినేస్తోందండీ! పట్టుకోండి, ఆయ్, పట్టుకోండి!”

మా అత్త పెట్టని పట్టుకుంటే, అది గుడ్ల మీంచి లేవనంటుంది. మేడమ్ ఒక చేత్తో మిడతల్ని గుప్పిళ్లతో డబ్బాలో వేస్తూ, ఇంకో చేత్తో కోడి ముక్కు తోస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ. నేను గోడకానుకుని, నవ్వలేక ఛస్తున్నాను. చివరికి ఓ గుప్పెడు మిగిలాయి. సాక్ష్యానికి అవి చాలన్నారు.

“సూసినావా, నా కోడి లేపినాది,” అంది మా అత్త.

“చలి లేపిందండీ!”

“నీ సలి లేపితే ఫ్రిజ్‌లోనే లెగాల కదేటి?”

ఆ తగువు ఎప్పటికీ తెగలేదు. మేడమ్‌కి పట్టుకున్న బెంగల్లా ఒకటే, ఆఫీసుకి పంపే కాగితాల్లో కోడి అని ఎలా రాయడం? ఓ పూటంతా ఆలోచించి, ‘స్థానికంగా లభించే వేడి’ అని రాశారట.

సరే, డబ్బాలో మాట నిజమైంది. పొలంలో మాటేమిటి? మా బుర్ర సంగతేమిటి?

మా గట్ల పొడుగునా ఆమె థర్మామీటర్లు పాతిపెట్టారు. పొద్దునా సాయంత్రం వంగి వంగి చూసుకునేవారు. మొదటి మంచి వాన పడింది. ఊరంతా విత్తనం పట్టుకుని మళ్లలోకి దిగింది. మా అత్త కూడా బుర్ర దించింది. మేడమ్ గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు.

“చల్లకండి పిన్నిగారూ! ఇంకా గుడ్లు పగల్లేదు. మీ నారు లేచేసరికి సరిగ్గా అవీ లేస్తాయి. ఒక్క వారం ఆగండి.”

దిసారి అక్కడే ఉన్నాడు. పూజయిన విత్తనం మొదటి వానకి మట్టి చూడకపోతే దేవుడికి కోపమొస్తుందన్నాడు. మా అత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బుర్రలో చెయ్యి పెట్టి ఒక్క గుప్పెడు తీసింది. మడి మూలన, నాలుగు జానల జాగాలో చల్లింది. తర్వాత బుర్ర మూతికి ఆకు కట్టేసింది.

“దేవుడి మాట దేవుడికి, గుంట మాట గుంటకి,” అంది. దిసారి తల గోక్కుని, మట్టి చూసింది కదా, చెల్లుతుందిలే అన్నాడు.

వారం గడిచింది. మిడత లేదు. ముసురు పట్టింది. మంచు దిగింది, కొండలు కనపడ్డం మానేశాయి. అందరి మళ్లూ పచ్చబడ్డాయి, మా మడి మూలన ఆ గుప్పెడు తప్ప మిగతాదంతా బోడిగా ఉంది. టీకొచ్చినవాళ్లంతా, “ఏటి, మీరీ ఏడు పంట మానీసినారా?” అని అడగడమే. ఇంకా ఆలస్యమైతే పెద్ద వానలకి నారు కొట్టుకుపోతుంది. మా అత్త అన్నం సరిగ్గా తినడం లేదు. పొయ్యి పైన బుర్ర వంక చూస్తూ కూర్చుంటోంది. నాకు మండిపోయింది. కడిగేశాను.

“మీకేం మేడమ్, రేపు బదిలీ అయితే జీపెక్కి పోతారు. మాకింకో బుర్ర లేదు.”

ఆమె చేతిలో టీ చల్లారింది. ఆ రోజు చల్లారిన టీ కూడా తాగలేదు. “మట్టి చల్లబడిపోయిందమ్మాయ్,” అన్నారు. “మెలకువ వచ్చింది వాటికి. వెచ్చదనం చాలక దుప్పట్లోంచి లేవడం లేదు. ఎండ రావాలి. నేను తప్పు చెప్పలేదు. చెప్పానేమో. లేదు, చెప్పలేదు.” మా అత్త దగ్గరకి పోయి రెండు చేతులూ పట్టుకున్నారు. “సంత రోజు దాకా ఆగండి పిన్నిగారూ. ఆ సాయంత్రం కూడా రాకపోతే మీ ఇష్టం.”

“ఆగుతాను. సంత దాకానే,” అంది మా అత్త.

సంత రోజు తెల్లారేసరికి మబ్బు విడిచి, ఎండ ఫెళ్లున కాసింది. నేను పాలు పొయ్యి మీద పెడుతుంటే, మేడమ్ గట్టు మీంచి పరిగెత్తుకొస్తున్నారు. ఒక కాలికి బూటు లేదు. కోతిటోపీ చేతిలో ఊపుతున్నారు. కొట్టు దగ్గరకొచ్చి “ఆయ్! ఆయ్! ఆయ్!” అంటారు తప్ప ఇంకో ముక్క లేదు.

నేనూ అత్తా పరిగెత్తి చూస్తే, గట్టంతా చోడిపిండి చల్లినట్టుంది, ఆ పిండి గెంతుతోంది. ఇంకా రెక్కలు లేవు, ముట్టుకుంటే నలిగిపోయేంత మెత్తన. అన్నీ మూలనున్న ఆ దేవుడి గుప్పెడు మొలక మీదకే ఎగబడుతున్నాయి. పక్క మళ్లకి కూడా దారి పట్టాయి.

“కోళ్లు!” అన్నారు మేడమ్. “పిన్నిగారూ, కోళ్లు కావాలి!”

మా ఇంట్లో ఉన్నవి నల్లపెట్టా, దాని పిల్లలూ. ఏం సరిపోతాయి? కానీ ఆ రోజు సంత. కొండ మీద ఊళ్ల ఆడాళ్లంతా గంపల్లో కోళ్లు పెట్టుకుని ఇదే రోడ్డంట దిగుతున్నారు. మా అత్త ఒక్క క్షణం ఆలోచించలేదు. పండగనాటి వెదురు పెరట్లోంచి ఈడ్చుకొచ్చి రోడ్డుకడ్డంగా పడేసింది.

“ఓలప్పా, పండగెప్పుడో అయిపోనాది కదే!” అని అరిచారు వాళ్లు.

“పాటొద్దు, ఏటొద్దు. కోళ్లు దింపండి బేగి! మీ మళ్లు కూడా కిందనే ఉన్నాయి, సూసుకోండి!”

వాళ్లు గట్టు వైపు చూశారు. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరి కోడి ఏదో తెలియడానికి, ఉన్న పాత చీరలన్నీ చింపి కాళ్లకి పేలికలు కట్టాం. ఎర్రది ఒకరిది, పచ్చది ఒకరిది. గంపలు ఒంచేశాం. నా జన్మలో అంత సంబరం చూడలేదు. కోళ్లన్నీ గట్టు పొడుగునా వరస కట్టి, తలెత్తకుండా టకటకటకా. మధ్యలో మిడతల మేడమ్, ఒంటికాలి బూటుతో, “ఇటూ, ఇటూ, ఇక్కడ చాలా ఉన్నాయండీ!” అని కోళ్లని కూడా అండీ అని పిలుస్తూ పరిగెడుతున్నారు. రోజుల తరబడి తను వంగి వంగి చూసుకుంటూ ఎదురుచూసిన పురుగుల్ని తనే కోళ్లకి పిలిచి పెడుతున్నారు. మా నల్లపెట్ట అందరికన్నా ముందుంది. దానికి రుచి ముందే తెలుసు కదా.

మధ్యాహ్నానికి కోళ్లు కదల్లేక కూలబడ్డాయి. ఆ రోజు ఎవరూ సంతకి పోలేదు. పేలికలు తడిసి రంగు దిగి, ఎవరి కోడి ఎవరిదో తెలీక సాయంత్రందాకా తగువులాడుకుని, నవ్వుకుని, టీలు తాగి పోయారు. పక్కవాళ్ల నారు అక్కడక్కడ కొరికి వదిలేసిందే గానీ బతికింది. మా అత్త మర్నాడు బుర్ర మూతి విప్పి చల్లింది. ఆ ఏడు ఎర్రచోడి నా తల దాటి పెరిగింది. మళ్లీ మూడు బుర్రలూ నిండాయి.

ఆ ఏటి కొత్త పండక్కి మేడమ్ మా ఇంట్లోనే ఉన్నారు. పెద్దల్ని పిలిచి పెట్టాక, మా అత్త ఆమె చేతికి మొదటి ముద్ద ఇచ్చింది. తర్వాతెప్పుడో బదిలీ అయి వెళ్లిపోయారు. కానీ ఏటా చలి మొదలవగానే ఫోను వచ్చేది. హలో కూడా ఉండదు. “అమ్మాయ్, నిన్న మీకు చలేసిందా?” వేసింది మేడమ్ అంటే, “ఆయ్, మహా బాగా అయింది,” అని ఓ నవ్వు. ఈ ఏడు చలి మొదలైనా ఫోను రాలేదు. పని మీదున్నారేమో అనుకున్నాం.

కారాయన చెప్పి వెళ్లిన సాయంత్రం నేను మా అత్తకి చెప్పాను. ఆమె ఏడవలేదు. “అయ్యో గుంటా,” అని, చాలాసేపు నల్లపెట్ట పిల్లల పిల్లల్ని చూస్తూ కూర్చుంది.

మొన్న మా ఇంట్లో కొత్త పెట్టుకున్నాం. ఎర్రచోడి సంకటి, చిక్కుడుకాయ కూర. మా అత్త ఆకులు వరసగా వేసింది. వాళ్లత్తని పిలిచింది, మామని పిలిచింది, చిన్నతనంలోనే పోయిన మా మరిదిని పిలిచింది. అందరి తర్వాత ఇంకో ఆకు వేసి, దాని మీద అందరికన్నా పెద్ద ముద్ద పెట్టింది. “మిడతల గుంటా, రాయే. నీ సోడి సంకటే ఇది,” అంది. అని, నా వైపు తిరిగి, “టీ ఎట్టవే,” అంది.

నేను గబగబా టీ కాచి, పొగలు కక్కే గ్లాసు ఆ ఆకు పక్కన పెట్టి, ఇక తిందామని పిల్లలకి కంచాలు జరపబోయాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండవే. పెద్దోల్లు తినకుండా మనం తింతామేటి? సల్లారనీ. సల్లారితే గాని తాగదు ఆ గుంట.”

కొత్త పంట కంచాల్లో పెట్టుకుని, పిల్లలు ఆకలని గోల పెడుతున్నా, ఆ టీ మీద మీగడ కట్టేదాకా ఇంటిల్లిపాదీ కూర్చున్నాం.